జైపాల్ తారుమారు డెమో

జైపాల్‌కు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. అన్నీ తెలిసినవాళ్లకు ఏమీ తెలియదన్నట్టు చెప్తాడు, ఏమీ తెలియనివాళ్లకు అన్నీ తెలుసన్నట్టు చెప్తాడు. ఏ పెళ్లిళ్ల పేరయ్యకో ఈ అలవాటు ఉంటే ఊరు నవ్వుకుని ఊరుకునేది. జైపాల్ చేసేది సాఫ్ట్‌వేర్ అమ్మే ఉద్యోగం. పైగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాలూ ఆయన ఒక్కడి నెత్తిమీదే ఉన్నాయి.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు నాడి. మోటారుకు అగ్గిపెట్టెంత పరికరం ఒకటి అతికిస్తారు. మోటారు తిరిగేటప్పుడు ఎట్లా వణుకుతోందో అది కనిపెట్టి ఫోన్‌కు పంపిస్తుంది. ఆ వణుకును చదివి, లోపల బేరింగు ఎంత అరిగింది, ఇంకెన్నాళ్లు లాగుతుంది అన్నది నాడి చెప్తుంది. మోటారు కాలిపోయాక మెకానిక్ ఇంటి చుట్టూ తిరిగే బదులు ముందే జాగ్రత్తపడొచ్చు. సంగతి ఇంతే.

ఈ ఇంతే సంగతిని హైదరాబాద్ ఆఫీసువాళ్లు రెండు రకాలుగా తయారుచేసి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఇచ్చారు. ఒకటి నిపుణులకు. నలభై రెండు పేజీలు, పేజీ నిండా గ్రాఫులు. రెండోది సామాన్యులకు. పదకొండు పేజీలు, అన్నీ బొమ్మలే. మొదటి బొమ్మలో మోటారు నవ్వుతుంటుంది. రెండో బొమ్మలో ఏడుస్తుంటుంది, రెండు కళ్లనుంచీ నీలం రంగు కన్నీళ్లు ధారగా. మూడో బొమ్మలో వొంటికి నాడి అతికించుకుని మళ్లీ నవ్వుతుంది. జైపాల్ ముప్పై ఏళ్ల సర్వీసున్న ఇంజినీర్లను వరసగా కూర్చోబెట్టి ఏడ్చే మోటారును చూపిస్తాడు. వేలిముద్ర వేసే రైతును కూర్చోబెట్టి గ్రాఫులు తీస్తాడు.

అహల్య మొదటిసారి చూసినప్పుడు, పాపం తప్పు ఫైలు తెరిచాడనుకుంది. రెండోసారి చూసినప్పుడు కళ్లద్దాలు మార్చుకోవాల్సిన వయసొచ్చిందనుకుంది. మూడోసారికి ఆమెకు ఏడుపొచ్చింది.

ఏడుపు రావడంలో న్యాయముంది. అహల్యది జనగామ. ఎంటెక్ చేసి ఈ కంపెనీలో చేరింది. ఆమె మనసంతా హైదరాబాద్ ఆఫీసులో తొమ్మిదో అంతస్తు మీద ఉంది. సాఫ్ట్‌వేర్‌ను రూపొందించే డిజైన్ టీం కూర్చునేది అక్కడ. ఇంటర్వ్యూ రోజు ఒక్కసారి చూసింది ఆ గదిని. పెద్ద పెద్ద తెరలు, గోడమీద లెక్కలు, వాటిముందు నిలబడి మెల్లగా మాట్లాడుకునే మనుషులు. కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. అప్పటినుంచి అన్నం తింటున్నా ఆ సీటే, బస్సులో కునికినా ఆ సీటే. పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి "మీకేం ఇష్టం?" అనడిగితే కూడా ఆ సీటు గురించే చెప్పి, వాళ్లు మళ్లీ రాకుండా చేసుకుంది.

కంపెనీలో అమ్మకాలు చూసే శ్రేయ మేడం ఒక షరతు పెట్టింది. "ఏడాదిపాటు జైపాల్‌తో తిరుగు. భూపాలపల్లి ఆర్డర్ తీసుకురా. ఆ సీటు నీది."

భూపాలపల్లి ఆర్డర్ అంటే చెల్పూర్ వైపు పెద్ద పెద్ద మోటార్లకు రిపేర్లు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీది. అక్కడున్నవాళ్లంతా ఇంజినీర్లే. వాళ్ల చేతిలో రెండు వందల మోటార్లున్నాయి. అహల్యకూ ఆ సీటుకూ మధ్య ఉన్నది ఆ ఇంజినీర్లు కాదు, ఏడ్చే మోటారు బొమ్మ పట్టుకుని నిలబడ్డ జైపాల్.

జైపాల్‌ది మరిపెడ దగ్గర తండా. నలభై ఆరేళ్లుంటాయి. పదిహేనేళ్లు మహబూబాబాద్‌లో మోటారు వైండింగ్ షాపు నడిపాడు. కంపెనీవాళ్లు ఏం చూసి ఉద్యోగమిచ్చారో కంపెనీకే తెలియాలి. పాత మారుతి వ్యాను ఒకటుంది ఆయనకు. దానికి నాడి అతికించలేదు. "అతికిస్తే అది చెప్పేది వినాలె గద మేడం, మనసు పరేషాన్ అయితది" అంటాడు. తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నదాన్ని మేడం అనొద్దని అహల్య ఎంత చెప్పినా వినడు. ఆమె జైపాలన్న అంటుంది, ఆయన మేడం అంటాడు, వ్యాను ఎవరి మాటా వినకుండా తన ఇష్టం వచ్చినచోట ఆగుతుంది.

మహదేవపూర్ వైపు పొలాలకు నీళ్లెక్కించే ఒక పంపుల షెడ్డుకు వెళ్లారోసారి. నలుగురు ఇంజినీర్లు కూర్చున్నారు. జైపాల్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

"సార్, గిది మోటారు."

నలుగురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"గిది ఇప్పుడు ఏడుస్తున్నది సార్. ఎందుకు ఏడుస్తున్నదంటే, లోపల నొప్పి లేసింది."

"ఏమయ్యా, మేం పొద్దున లేస్తే చూసేది మోటార్లనే గద" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"అవును సార్. మీరు రోజు చూస్తరు. నేనే మరిచిపోత."

అహల్య బల్ల కిందికి చూస్తూ కూర్చుంది. ఆ షెడ్డు ఆర్డర్ వచ్చింది, ఎట్లా వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. జాలిపడి ఇచ్చుంటారని సర్దిచెప్పుకుంది.

ఇక రెండోవైపు సంగతి. జనగామలో అహల్య చిన్నాయిన రైసుమిల్లు నడుపుతాడు. పదో తరగతి దగ్గర చదువుకు దండం పెట్టేసిన మనిషి. అహల్య ముందురోజే బతిమాలింది. "జైపాలన్నా, మా చిన్నాయినకు బొమ్మలు చూపెట్టు చాలు. గ్రాఫుల జోలికి పోకు."

"సరే మేడం" అన్నాడు జైపాల్. ఆయన దేనికీ కాదనడు. అదే వచ్చిన చిక్కు.

తెల్లారి మిల్లులో తవుడు దుమ్ము మధ్య రెండు కుర్చీలు వేయించుకుని, గ్రాఫులున్న ఫైలే తెరిచాడు. అందులోనూ ఇరవై ఏడో పేజీ, అహల్యే రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చిన పేజీ.

"అన్నా, దీన్ని ఫ్రీక్వెన్సీ స్పెక్ట్రం అంటరు."

"అంటే ఏంది?"

"చెప్త. జర టైం ఉన్నదా మీకు?"

చిన్నాయినకు టైం ఉంది. గంటన్నర సేపు ఉంది. మోటారు చప్పుడు ఒకటే చప్పుడు కాదనీ, అందులో షాఫ్టుది, బెల్టుది, బేరింగుది, ఎవరి చప్పుడు వాళ్లదనీ, వాటిని విడదీసి పక్కపక్కన నిలబెట్టే పటమే ఇదనీ మొదలుపెట్టి, దాన్ని విడదీసే లెక్క ఏమిటో, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాడు. చిన్నాయిన పద్నాలుగు ప్రశ్నలడిగాడు. భోజనానికి రమ్మని ఇంటినుంచి మూడుసార్లు ఫోనొచ్చినా ఎత్తలేదు. చివరికి పేజీని ఫొటో తీసుకుని ఫోన్‌లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చిన్నాయినను పట్టడం కష్టమైంది. ఫ్రిజ్‌కు చెవి ఆనించి నిలబడుతున్నాడని చిన్నమ్మ ఫిర్యాదు చేసింది. పక్కవీధిలో పెళ్లికి వెళ్లి, మైకు సెట్టు పెట్టినవాణ్ని పిలిచి "నీ స్పెక్ట్రం మంచిగ లేదు" అని చెప్పి వచ్చాడు.

"నిన్ను పరేషాన్ చేసిండా చిన్నాయినా?" అనడిగింది అహల్య.

"పరేషానేంది బిడ్డా. నాకు మిషన్లు అమ్మనీకె వచ్చినోళ్లంత 'గివన్ని మీకెందుకు సేటూ, బటన్ ఒత్తితె చాలు' అన్నోళ్లే. ఇరవై ఏండ్ల సంది బటనే ఒత్తుతున్న. గీ మనిషి ఒక్కడే నా నెత్తిల గూడ ఏదో ఉన్నదనుకున్నడు."

చిన్నాయినది మెత్తటి మనసని అహల్య తీర్మానించుకుంది. తను మాత్రం ఊరుకోలేదు. ఫైళ్ల పేర్లు మార్చి పెట్టింది. జైపాల్ అప్పుడు కూడా తారుమారుగానే తెరిచాడు. ఒకరోజు పరకాల దాటాక వ్యాను ఆగిపోతే, రోడ్డు పక్కన నిలబడి నిలదీసింది.

"జైపాలన్నా, నువ్వు రివర్సుల చెప్తున్నవని నీకు తెలుసా?"

"అట్లనా మేడం?"

"ఇంజినీర్లకు గ్రాఫులు. మామూలోళ్లకు బొమ్మలు."

"మంచి మాట చెప్పిండ్రు. యాదిలో పెట్టుకుంట." అని బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాడు. స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి, దాని పిడి చెవిలో పెట్టుకుని కాసేపు విన్నాడు. "ఫ్యాన్ బెల్టు" అని తేల్చి, పది నిమిషాల్లో బాగుచేశాడు. సూర్యుడు చెరుకుతోట వెనక్కి దిగుతున్నాడు. అహల్య తొమ్మిదో అంతస్తు గురించి ఆలోచిస్తూ నిలబడింది.

మరిపెడ దగ్గర తండాలో యాకమ్మ కారం గిర్ని ఉంది. ఆడవాళ్లు పదిహేనుమంది సంఘంగా ఏర్పడి, మిరపకాయలు పట్టడానికి పెట్టుకున్న గిర్ని అది. యాకమ్మ వాళ్లకు పెద్ద. అక్కడ డెమో ఇవ్వడమంటే తుమ్ముల మధ్య ఇవ్వడమే. జైపాల్ వాళ్లతో తండా మాటలో మాట్లాడతాడు, మధ్యమధ్య బేరింగు, ఔటర్ రింగు, ఫ్రీక్వెన్సీ వినపడుతుంటాయి. అహల్య తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, ఆ మాటల్లో బొమ్మల ఫైలు జాడ ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంది. లేదు. బేరింగును విప్పి, గోలీలన్నీ పళ్లెంలో పోసి మరీ లెక్కపెట్టించాడు.

నెల తిరిగేసరికి గిర్ని మోటారు మొరాయించింది. అమ్మిన దుకాణం నుంచి మనిషి వచ్చి, ముట్టుకోకుండానే చూసి, "మీ ఊర్ల ఓల్టేజీ సక్కగ లేదు, గ్యారంటీ వర్తించదు" అన్నాడు. యాకమ్మ ఫోన్‌లో నాడి తెరిచింది.

"ఓల్టేజీ కాదు తమ్మి. ఇగో చూడు. ఒక్క తిరుగుడుకు మూడున్నర సార్లు కొట్టుకుంటున్నది. తొమ్మిది గోలీల బేరింగు గద గిది. మూడున్నర అంటే ఔటర్ రింగు. నువ్వు బిగించిననాడే వంకర బిగించినవు."

అతను "ఎవలు నేర్పిండ్రమ్మా మీకు?" అని మాత్రం అడిగాడట. సాయంత్రానికల్లా కొత్త బేరింగు పడింది. ఈ కథ యాకమ్మ ఫోన్‌లో చెప్తుంటే అహల్యకు నవ్వొచ్చింది గానీ, నవ్వు వెనకే బెంగ కూడా వచ్చింది. గిర్నీలో ఎన్ని బేరింగులు పడితే ఏం లాభం, భూపాలపల్లి భూపాలపల్లిలాగే ఉంది.

చివరికి భూపాలపల్లి కంపెనీవాళ్లు డెమోకు బుధవారం రమ్మన్నారు. అహల్య జైపాల్‌కు శుక్రవారమని చెప్పింది. అబద్ధమే. ఆ అబద్ధం చెప్పాక ఆమెకు అన్నం సయించలేదు, అయినా వెనక్కి తీసుకోలేదు. బుధవారం పొద్దున్నే బస్సెక్కి ఒక్కతే వెళ్లింది.

అక్కడ మెయింటెనెన్స్ చూసే పెద్ద ఇంజినీరు శకుంతల మేడం. యాభై ఐదేళ్లు, నెరిసిన జడ, మేడం నోరు తెరిస్తే చుట్టుపక్కల కుర్రింజినీర్లు నోళ్లు మూసుకుంటారు. ఆమెకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కూర్చున్నారు. అహల్య నలభై రెండు పేజీలూ చూపించింది. ఒక్కచోట తడబడలేదు. పదమూడో పేజీలో శకుంతల మేడం తలూపింది. మేడం ఊపాక ఆరుగురూ ఊపారు. ముప్పయ్యో పేజీలో మళ్లీ ఊపింది. అందరూ ఊపారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒక్కళ్లూ నోరు మెదపలేదు. అంత బాగా చెప్పానన్నమాట అనుకుని అహల్య బస్సులో కిటికీ పక్కన సీటు చూసి కూర్చుంది, తొమ్మిదో అంతస్తుకు అలవాటవుతుందని.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. "చూసి చెప్తాం" అన్నవాళ్లు చూస్తూనే ఉన్నారు. మూడో వారం అహల్య ఉండబట్టలేక జైపాల్ దగ్గర ఒప్పేసుకుంది, శుక్రవారం సంగతీ బుధవారం సంగతీ. ఆయన కోప్పడతాడని చేతులు కట్టుకుని నిలబడింది.

"గది సరే మేడం. ఒక్కళ్లన్న ఏమన్న అడిగిండ్రా?"

"ఒక్క ప్రశ్న కూడా అడగలే. అంతా అర్థమైంది వాళ్లకు."

జైపాల్ మొహం దవాఖాన ముందు నిలబడ్డవాడిలా అయింది. "అయితే కష్టమే" అన్నాడు. మర్నాడు ఇద్దరూ వ్యానులో బయల్దేరారు.

మళ్లీ అదే గది, అదే శకుంతల మేడం, అటు ముగ్గురు ఇటు ముగ్గురు. మొన్న అహల్య మేడం అంతా చెప్పిందట గానీ నాకోసం ఇంకొక్కసారి అంటూ జైపాల్ ఏడ్చే మోటారును తీశాడు. కుర్రింజినీర్లు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. అంతటితో ఆగినా బాగుండేది. అహల్య వైపు తిరిగి, అందరూ వింటుండగా, "మేడం, జర గీ పొడుగు గీత ఏందో చెప్పుండ్రి. మీరు రోజు చెప్తరు, నాకు ఇప్పటిదాంక ఎక్కలే" అన్నాడు.

సొంత కంపెనీ మనిషి. అమ్మేవాడు. అమ్మే సరుకు గురించి, కొనేవాళ్ల ముందు. అహల్యకు చెవులు ఎర్రబడ్డాయి. కుర్రింజినీర్లలో ఒకడు కిసుక్కుమన్నాడు.

శకుంతల మేడం నవ్వలేదు. బ్యాగులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆయన అడిగింది చెప్పమ్మా" అంది. "మెల్లగ చెప్పు. ఆయనకు అర్థం కావాలె గద."

అహల్య మెల్లగా చెప్పింది. చెప్తుంటే జైపాల్ అడ్డం పడుతూనే ఉన్నాడు. ఆ గీత పొట్టిదైతే మంచిదా, పొడుగైతే మంచిదా? పక్కన చిన్న గీతలెందుకొచ్చినయి? ఒక్కో ప్రశ్నా ముందుదానికన్నా తెలివితక్కువది. నాలుగో ప్రశ్నకు శకుంతల మేడం తనే ఒకటి అడిగింది. అదీ చిన్న ప్రశ్నే. దాంతో కుర్రింజినీర్లకు ధైర్యం వచ్చి, పోటీలు పడి అడగడం మొదలుపెట్టారు. రెండున్నర గంటలు పట్టింది. చాయ్ రెండుసార్లు తెప్పించారు. వారంలో ఆర్డర్ వచ్చింది, రెండు వందల మోటార్లకూ.

జైపాలన్న అమాయకత్వానికి వాళ్ల మనసు కరిగిందని అహల్య శ్రేయ మేడంకు రిపోర్టు రాసింది. ఎంటెక్ చదివినా కొన్ని విషయాలు ఆలస్యంగానే తెలుస్తాయి.

సీటు వచ్చింది. తొమ్మిదో అంతస్తు, కిటికీ పక్కన, పెద్ద తెర. వెళ్లేరోజు జైపాల్ జనగామ స్టేషన్ దాకా వ్యానులో దింపాడు. వ్యాను ఒక్కచోట కూడా ఆగలేదు. ఆగితే బాగుండని అహల్యకు ఎందుకో అనిపించింది.

మొదటి నెల ఆ సీటులో కూర్చోవడమే సంబరంగా ఉండేది. రెండో నెలలో, కిటికీలోంచి చూస్తే కనపడేవన్నీ వేరే కిటికీలేనని తెలిసింది. మూడో నెల వచ్చేసరికి ఆమెకు బెంగ పట్టుకుంది. దేనిమీద బెంగ అంటే చెప్పడానికి సిగ్గేసే వాటిమీద. పరకాల రోడ్డు మీద. చెల్పూర్ దగ్గర నిలబడి తాగిన చాయ్ మీద. కారం గిర్నీలో వచ్చిన తుమ్ముల మీద కూడా. ఏ సీటు కోసం ఏడాదంతా కళ్లలో వత్తులు వేసుకుని చూసిందో, ఆ సీటులో కూర్చుని ఇప్పుడు మూడు జిల్లాల కోసం అట్లాగే చూస్తోంది. మనిషి మనసుకు ఎప్పుడూ పక్క ఊళ్లోనే పని.

దానికి తోడు ఒక భయం. టీం పెద్ద అజిత్ మంచివాడే. నాడి కొత్త వెర్షన్‌లో ఎన్వలప్ అనాలిసిస్ అని, పెద్ద వణుకుల చాటున దాగిన బేరింగు చిన్న దెబ్బను పట్టే పద్ధతి ఒకటి పెడుతున్నారు. దానికి తెర ఎట్లా ఉండాలో గీసే పని అహల్యకు అప్పగించి, "మూడు జిల్లాలు తిరిగొచ్చావు, నీకు చెప్పేదేముంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె నోటికి తాళం పడింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ అది తెలుసు. తలలూపుతూ మాట్లాడుకుంటున్నారు. ఆమె కూడా ఊపింది. పుస్తకాలు చదివింది, వీడియోలు చూసింది, అంతా అర్థమైనట్టే ఉండి ఒక్కచోట తెగిపోతోంది. ఊపిన తలతో ఇప్పుడు అడగడానికి మొహం చెల్లదు. గీసి చూపించడానికి వారం గడువుంది. చూపించలేకపోతే ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటారు.

గురువారం సాయంత్రం జైపాల్‌కు ఫోన్ చేసింది. వానలు పడ్డాయా అనడిగింది. వ్యాను ఎట్లుందని అడిగింది.

"కొత్త పని ఎట్లున్నది మేడం?"

"బాగుందన్నా. అదే, ఎన్వలప్ అనాలిసిస్ చేస్తున్నం. మస్తు బాగుంది."

"మంచిది" అన్నాడు జైపాల్. అహల్య చప్పున మాట మార్చేసింది. తర్వాత మిర్చి రేటు గురించి మాట్లాడుకున్నారు.

సోమవారం పొద్దున జిల్లాల్లో ఉన్నవాళ్లందరినీ తెరమీదికి పిలిచి, అజిత్ కొత్త వెర్షన్ గురించి చెప్పాడు. ఇరవైమంది విన్నారు, ఇరవైమందీ తలలూపారు. ప్రశ్నలున్నాయా అన్నాడు అజిత్. తెరమీద ఒక మూల చిన్న చతురస్రంలో జైపాల్ చెయ్యెత్తాడు.

"సార్, నాకు ఒక్కకాడ తెగిపోయింది. పెద్ద వణుకును తీసేస్తం అంటున్నరు. పెద్దదాన్ని తీసేస్తే దాంతోపాటు చిన్నది గూడ పోతది గద. మరి ఏం మిగుల్తది, దేన్ని లెక్కపెడ్తం?"

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అహల్య నవ్వలేదు. ఆమెకు ఇన్ని రోజులుగా తెగిపోతున్నది సరిగ్గా అక్కడే.

అజిత్ ఓపికగా లేచి, గోడమీద బొమ్మ గీశాడు. పది నిమిషాలు పట్టింది. ఐదో నిమిషంలోనే అహల్యకు చప్పున వెలిగింది. ఏడో నిమిషంలో తెర ఎట్లా ఉండాలో కూడా కళ్లముందు కనపడింది. మధ్యాహ్నానికి గీసేసింది. సాయంత్రం అజిత్ చూసి, "ఇదే కావాల్సింది" అన్నాడు.

ఆమె వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. "జైపాలన్నా, నిజం చెప్పు. నీకు నిజంగనే తెల్వదా అది?"

"తెల్వకనే అడిగిన మేడం. నాకేం ఎరుక, మోటార్లు చుట్టుకునేటోణ్ని."

అమాయకుడే అనుకుంది అహల్య, కళ్లు తడి చేసుకుంటూ. ఎంత సమయానికి అడిగాడు పాపం, తనకే తెలియకుండా.

బుధవారం యాకమ్మ ఫోన్ చేసింది. "కొత్త కారం పట్టినం బిడ్డా. జనగామల మీ చిన్నాయినకు అందేటట్టు బస్సుల ఏసిన. తెప్పిచ్చుకో." మాటల్లో మాట వచ్చి, ఏం పని చేస్తున్నావని అడిగింది. ఈమెకు ఎట్లా చెప్పాలా అని అహల్య ఒక్క క్షణం తడుముకుంది. "కొత్తది ఒకటి యాకమ్మక్కా. బేరింగు చప్పుడు ఇంకా ముందే..."

"ఎన్వలప్ అనాలిసిసేనా?" అంది యాకమ్మ.

"గది నీకెట్ల తెలుసు యాకమ్మక్కా?" అంది అహల్య.

"గది మాకు ఎరుకే. మొన్న ఐతారం జైపాల్ వచ్చి పొద్దంత కూసోని చెప్పిండు. గిర్ని బంద్ పెట్టి మరీ విన్నం. 'అహల్య మేడం గీ పని మీద ఉన్నది, ఏడనో చిక్కు పడ్డట్టున్నది, అడగనీకె మనసొప్పుత లేదు' అన్నడు. 'నాకైతె తెలిసినదే, తెల్వనోళ్లకు యాడ తెగుతదో నాకు దొరుకుత లేదు, మీరు వినుండ్రి, తెగినకాడ చెప్పుండ్రి' అన్నడు. నాకు తెగింది. పెద్ద వణుకు తీసేస్తే చిన్నది గూడ పోతది గద అన్న. అంతే, లేసి కాయితం మీద రాసుకున్నడు. 'గిదే యాకమ్మక్కా, గిదే' అనుకుంట ఎల్లిపోయిండు. గంత సంబురం దేనికో నాకైతె సమజ్ కాలె."

ఆదివారం. జైపాల్ చెయ్యెత్తింది సోమవారం. అహల్య వేళ్లమీద లెక్కపెట్టుకోనక్కర్లేదు, అయినా పెట్టుకుంది. పంపుల షెడ్డులో పెద్దాయన, కళ్లద్దాలు తీసి పెట్టుకున్న శకుంతల మేడం, ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. తెలిసినవాళ్లు అడగలేరు. అడగగలిగేది అందరికన్నా తెలివితక్కువవాడు ఒక్కడే. ప్రతి గదిలోనూ ఆ కుర్చీలో ఆయనే ముందుగా వెళ్లి కూర్చున్నాడు, మిగతావాళ్లు అడగడానికి సిగ్గుపడకుండా. ఆ మనిషి గురించి రిపోర్టులో తను రాసిన మాట గుర్తొచ్చి అహల్యకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

"ఏమైంది బిడ్డా, సప్పుడు చేస్తలేవు?" అంది యాకమ్మ అవతల్నుంచి. వెనక గిర్ని తిరుగుతోంది, ఎవరో తుమ్ముతున్నారు. "నీకు ఇంక సమజ్ కాలేదా ఏంది గది? సిగ్గుపడకు, నాతోని చెప్పు."

అహల్యకు సోమవారమే సమజైంది. రాత్రి నిద్రలో అడిగినా చెప్పగలదు. కానీ ఆ గిర్ని చప్పుడు, ఆ గొంతు ఇంకాసేపు వినాలనిపించింది.

"కాలేదు యాకమ్మక్కా" అంది. "జర మొదటినుంచి చెప్పు."

"గట్లడుగు మరి" అని యాకమ్మ గొంతు సవరించుకుంది. "పెండ్లి ఊరేగింపు పోతున్నదనుకో. డప్పులు మోగుతున్నయి. గా సప్పుట్ల ఒక చిన్నపిల్ల కాలి గజ్జె సప్పుడు వినాలె మనం. వింటున్నవా?"

అహల్య అక్కడే మెట్లమీద కూర్చుని, వింటున్నానంది.